చేతియంత్రములలో పాత వీడియో ఆటలు నిలుచునా?

పులిజూదమునకు కావలసిన సామగ్రి మిక్కిలి కొంచెము. 3 పులులు, 15 మేకలు, గీతలు కలసికొను 23 చోట్లు. రాతి అరుగుమీద చెక్కినను, నేలమీద బొగ్గుతో గీసినను, అట్టముక్కపై సిరాతో వ్రాసినను ఆట యొక్కటియే. మేకలకు చింతగింజలు, పులులకు గులకరాళ్లు చాలును. నేడు ఆ యాట ఫోను తెరపైకిని వచ్చినది. అందును పులి మేకను దాటియే చంపును. మేకలు గుమిగూడియే పులిని కట్టును. ఆధారము మారినది గాని ఆట మారలేదు.

వీడియో ఆటలకును ఇట్టి దీర్ఘాయువు కలదా యనునది ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము. ఇది కేవలము వినోదమునకై వేసిన ప్రశ్న కాదు. మన కామవరపుకోట ప్రాంతమున నేడు ఫోను లేని యిల్లు అరుదు. ఆ ఫోనును సాయంకాలము చేతబట్టువారు తరచుగా పిల్లలే. ఈ విద్యార్థుల తండ్రులలో పలువురు తమ చిన్నతనమున టెలివిజనుకు తగిలించు పెట్టెలలో మారియో, కాంట్రా మొదలగు ఆటల నాడినవారు. వారు “ఆనాటి ఆటలే మేలు” అందురు. పిల్లలు “అవి వట్టి చుక్కల బొమ్మలు” అందురు. ఇరువురి మాటలయందును కొంత సత్యము కలదు. ఎంత కలదో తూచి చూతము.

మొదట నిలిచిన ఆట నొకదానిని పరీక్షింతము. 1984వ సంవత్సరమున మాస్కో నగరమునందలి సోవియట్ శాస్త్ర పరిషత్తు గణనకేంద్రమున పనిచేయుచుండిన అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్ అను ఆటను కల్పించెను. ఆయన వాడిన ఎలెక్ట్రానికా 60 అను కంప్యూటరునకు బొమ్మలు గీయు శక్తి లేకుండెను. కావున వ్రాతలో వాడు కుండలీకరణ చిహ్నములనే ప్రక్కప్రక్కన నిలిపి చదరములుగా చూపెను. 4 చదరముల చొప్పున కలిపి చేసిన 7 రూపములు పైనుండి పడుచుండును. వానిని త్రిప్పి సందులేకుండ పేర్చవలయును. నిండిన వరుస మాయమగును. ఆట యంతయు నింతియే.

1989వ సంవత్సరమున జపానునందలి నింటెండో సంస్థ గేమ్ బాయ్ అను చేతియంత్రమును వెలువరించెను. దాని తెరకు అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు మాత్రమే కలవు. రంగులు లేవు, ఒకే వన్నెలో నాలుగు ఛాయలు. దాని నిర్మాతలలో ముఖ్యుడగు గున్‌పే యొకోయి, చౌకయై బాగుగా నలిగిన పరికరమునే క్రొత్త విధమున వాడవలెనను సిద్ధాంతము కలవాడు. అమెరికాలో ఈ యంత్రముతో టెట్రిస్‌ను జతచేసి అమ్మిరి. గేమ్ బాయ్, తరువాత 1998లో వచ్చిన దాని రంగుల రూపము కలిసి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. కుండలీకరణములతో గూడ ఆడదగిన ఆటకు నాలుగు ఛాయల తెర కొరత కాలేదు.

ఈ ఆటలోని సారమెట్టిదో మన గణిత విద్యార్థులు కాగితముమీదనే తెలిసికొనవచ్చును. ఆ 7 రూపములును కలిసి 28 చదరములు. వానిని అడ్డము 7, నిలువు 4 గల దీర్ఘచతురస్రమున ఖాళీ లేకుండ అమర్చుడు. ఎంత ప్రయత్నించినను అమరవు. కారణమిది: దీర్ఘచతురస్రమును చదరంగపు బల్లవలె నలుపు తెలుపు గళ్లుగా వేసినచో 14 నల్లనివి, 14 తెల్లనివి యుండును. ఆరు రూపములు తలకు 2 నల్లనివి, 2 తెల్లనివి కప్పును. నడుమ ముక్కు గల రూపము మాత్రము ఒక వన్నెవి 3, వేరొక వన్నెది 1 కప్పును. కావున లెక్క సరిపోదు. ఇంత కొద్ది సామగ్రిలో ఇంత చిక్కు కలదు గనుకనే మనుష్యులు విసుగక ఆడుచున్నారు. టెలివిజనుకు తగిలించి ఆడుటకై 1989లో నింటెండో వెలువరించిన టెట్రిస్‌ను, ఆ యంత్రమే తట్టుకొనలేక ఆగిపోవువరకు ఆడినవాడు 13 ఏండ్ల అమెరికా బాలుడు. అది 2023వ సంవత్సరము డిసెంబరు మాసమున జరిగెను. ఆట పుట్టిన చాలకాలమునకు పుట్టిన బాలుడు దాని యంతము చూచెను.

అయినను పాతవన్నియు ఇట్లు నిలువవు. నిలువకపోవుటకు గల కారణములలో మొదటిది తెర. ప్యాక్‌మాన్ అను ప్రసిద్ధమగు ఆటను 1980లో నామ్కో సంస్థకై తోరు ఇవాతాని రూపొందించెను. అది నాణెము వేసి నిలుచుండి ఆడు పెద్ద పెట్టెకై చేసినది. దాని తెర నిలువుగా పొడవైనది. చిట్టడవివంటి దారులన్నియు ఒక్క చూపునకు కనబడినగాని భూతములు ఏ వైపునుండి వచ్చునో తెలియదు. దానిని గేమ్ బాయ్‌లోనికి తెచ్చినప్పుడు రెండే మార్గములుండెను: దారులన్నియు కనబడునట్లు బొమ్మలను మిక్కిలి చిన్నవి చేయుట, లేదా బొమ్మలను పెద్దవిగా నుంచి దారులలో కొంత భాగమునే చూపుట. మొదటిది కన్నులకు శ్రమ. రెండవది ఆటకే హాని. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌ను 1999లో రంగుల గేమ్ బాయ్‌కు మార్చినప్పుడును ఇదియే సంభవించెను. తెర చిన్నదగుటచే ముందున్న గోతులు, శత్రువులు ఆలస్యముగా కనబడును. తప్పు ఆటగానిది కాదు, కిటికీది. మేకలలో సగమును మూసియుంచి పులిజూదమాడుమన్న నెట్లుండునో అట్లే.

రెండవది చేయి. 1997లో నోకియా 6110 ఫోనుతో వెలువడిన పాము ఆటను మన పెద్దలు మరచియుండరు. 2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచమున 25 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. మన పల్లెలలోను అది ఇంటింటి ఫోను. రాత్రివేళ పొలము పోవు రైతునకు దాని తలనున్న దీపము ఎంత ఉపకారియో, ఇంటియొద్ద పిల్లలకు దానిలోని పాము అంత ప్రియము. అంకెల మీటలను చూడకయే బొటనవ్రేలు పామును త్రిప్పెడిది. మీట నొక్కుటతోడనే వ్రేలికి తెలిసెడిది. నేటి ఫోనులలో మీటలు లేవు, నున్నని అద్దమే. వ్రేలు ఎచ్చటనున్నదో చూచుకొనవలయును. పైగా ఆ వ్రేలే తెరను కప్పును. కావున క్షణములో దుమికి, క్షణములో మరలవలసిన ఆటలు ఫోనుపై చెడును. మీటలుగల చేతియంత్రముపై బ్రదుకును. పులిజూదము, చదరంగము, లూడో మొదలగు తీరిక ఆటలకు మాత్రము అద్దమువలన లోపము లేదు.

కొన్ని విషయములలో పాత ఆటలు నేడు మునుపటికంటె మేలైన స్థితి నందినవని యొప్పుకొనవలయును. తొలి గేమ్ బాయ్ తెరకు లోపల దీపము లేదు. ఎండలో కొల్లేటి గట్టుపై కూర్చుండి ఆడిన బొమ్మ స్పష్టముగా కనబడును. దీపము పెట్టువేళ కాగానే ఏమియు కనబడదు. నేటి యంత్రములు తమ వెలుగును తామే తెచ్చుకొనును. మరియు సూపర్ మారియో బ్రదర్స్‌లో నడుమ నిలిపి దాచుకొను వీలు లేకుండెను; కరెంటు పోయినచో మొదటినుండి ఆడవలసినదే. నేటి యంత్రములలో పెక్కింట ఏ క్షణమున నైనను ఆటను మూసి, మరునాడు అచ్చోటనే తెరువవచ్చును. ఏలూరునుండి వచ్చు బస్సులో ఆడు బాలుడు తన యూరు రాగానే నష్టము లేకుండ ఆపగలడు.

ఇక మూడవది, మా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, ముగింపు. పాము తన తోకను తాను కరచిన ఆట ముగిసెను. టెట్రిస్ ముక్కలు పైవరకు పేరుకొన్న ముగిసెను. ఓడినవానికి తాను ఓడితినని తెలియును. లేచి నీళ్లు త్రాగుటకో, పుస్తకము తీయుటకో ఆ ముగింపు ఒక తలుపు. పాతవారందరు ధర్మాత్ములని మా భావము కాదు. నాణెముల పెట్టెలలోని ఆటలు త్వరగా ఓడించి మరియొక నాణెమును రాబట్టుటకే కఠినముగా చేయబడినవి. ఆనాడు త్వరగా వెడలగొట్టుట లాభము. నేడు వెడలనీయకుండుట లాభము. ఉచితమని చెప్పబడు ఫోను ఆటలలో పెక్కింటికి ప్రకటనలును లోపలి అమ్మకములును ఆదాయము. కావున దినదినము వచ్చినవానికి బహుమానము, రానివానికి నష్టము, కొంతసేపు ఆగినచో ఒక పెట్టె, ఆగలేనివానికి వెల అను ఏర్పాట్లు చేయుదురు. అట్టి ఆటకు ఓటమి లేదు, గెలుపు లేదు, విడుదలయు లేదు.

ఇందు జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. పాత ఆటయే యీ క్రొత్త ఇంటిలో కాపురము పెట్టినప్పుడు దాని గుణము మారవచ్చును. పాము చచ్చినప్పుడెల్ల ప్రకటన వచ్చి, అది చూచినవానికి పాము మరల బ్రదుకునేని, అది ఆనాటి పాము ఆట కాదు. పేరొకటి, పాము ఒకటి. ముగింపు మాత్రము అమ్ముడుపోయినది. మన పచ్చీసునుండి 1896లో ఆంగ్లేయులు లూడోను చేసికొనిరి. ఆ లూడో ఫోనులలోనికి వచ్చి నలుగురిని ఒక్క తెరచుట్టు కూర్చుండబెట్టినప్పుడు మేము సంతోషించితిమి. దానిపై పైకమొడ్డు పందెములు చేరినప్పుడు ఆట చెడినది. అట్టి పందెపు ఆటలను మన రాష్ట్రము 2020లోను, పార్లమెంటు 2025లోను చట్టముచే నిషేధించినవి.

పాత ఆటలు నిలుచుట అనగా మొదట దొరకుట గూడ. మన తాళపత్ర గ్రంథములను తరతరమునకు ఎత్తి వ్రాసినవారు లేకున్న అవి పురుగుల పాలయ్యెడివి. వీడియో ఆటలకును అదే గతి. గేమ్ బాయ్ ఆటబిళ్లలు పెక్కింటిలో ఆటగాని పురోగతిని కాపాడునది చిన్న గుండీవంటి బ్యాటరీ. అది కొన్ని యేండ్లకు చచ్చును, జ్ఞాపకము దానితో పోవును. అమెరికాలో వెలువడిన పాత ఆటలలో 100కు 87 నేడు అంగడిలో దొరకవని 2023లో అచ్చటి వీడియో ఆటల చరిత్ర పరిరక్షణ సంస్థ యొకటి ప్రకటించెను. వేలకొలది ఆటలు నింపి చౌకగా అమ్మబడు చేతియంత్రములు ఈ కొరత తీర్చునట్లు కనబడును గాని, వానిలో పెక్కింటియందలివి హక్కుదారుల యనుమతి లేని ప్రతులు. కొనువారు ఈ సంగతి యెరిగి కొనవలయును.

కావున మా నిర్ణయమిది. పాత వీడియో ఆట పాతదగుటవలన నిలువదు, పాతదగుటవలన పడదు. చూడవలసినదంతయు చూపు తెర, వ్రేలి మాట వినెడి మీట, నిజమైన ముగింపు, ఈ మూడును దానితోపాటు చేతియంత్రములోనికి వచ్చెనేని అది నేడును చక్కని ఆట. మూడింటిలో ఏది లోపించినను మిగిలినది జ్ఞాపకము మాత్రమే.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పిల్లలకు ఫోనిచ్చునప్పుడు “ఎంతసేపు?” అని మాత్రమే అడుగక “ఈ ఆట ఎట్లు ముగియును?” అని యడుగుడు. పిల్లవాడు చెప్పలేనిచో ఆ యాటను ప్రక్కన గూర్చుండి మీరును ఒకమారు ఆడి చూడుడు; దాని స్వభావము పావుగంటలో తెలియును. విద్యార్థులారా, మీకు నొక పని. ఈ సెలవులలో మీ నాయనగారు ఆడిన పాత ఆట నొకదానిని, మీ తాతగారు ఆడిన పులిజూదమును, మీరాడు క్రొత్త ఆట నొకదానిని వరుసగా ఆడి, పై మూడు పరీక్షలలో ఏది యెన్నిట నెగ్గినదో ఒక పుటలో వ్రాసి తెండు. పులిజూదమునకు అమ్మమ్మనడిగి చింతగింజలు తీసికొనుడు. బొగ్గుముక్క ఒకటి చాలును.