మూతి ఎటు చూస్తోంది?

రండర్రా, గంప చుట్టూ కూర్చోండి. నానమ్మ బూడిదా కత్తిపీటా తెచ్చేలోగా ఓ మాట చెబుతాను.

ఒరే చిన్నోడా, "అన్నీ ఒకటే చేపలు కదా తాతయ్యా" అన్నావు. నీ వయసులో నేనూ అదే అన్నాను. అన్నిటికీ వెండి పొలుసులే, అదే చీలిన తోక. మా నాయనమ్మ నా వేలు పట్టుకుని చేప పెదవికి ఆనించి, "ఒళ్ళు చూడకు, మూతి చూడు" అంది. ఆ చల్లటి పెదవి ఇప్పటికీ నా వేలికి గుర్తే.

ఇదిగో, ఈ బుర్రకాయంత తలున్నది బొచ్చె. కింది దవడ ముందుకొచ్చి, మూతి ఆకాశంకేసి తెరుచుకుంది, వానచినుకు పట్టుకోబోతున్నట్టు. పక్కనున్న చిన్న తలది శీలావతి, తెలంగాణలో రవ్వ అంటారు. దీని పెదవి తడిమి చూడు, లంగా అంచుకి కుట్టినట్టు సన్నటి కుచ్చులు తగులుతాయి. ఆ కోలగా, బక్కగా ఉన్నది మోసు. మూతి వెడల్పు, కిందికి వంగి ఉంటుంది, పెదవి నున్నన.

ఎందుకిలా అంటే, మన పెరట్లో జామచెట్టు తలుచుకోండి. పెద్దోడు పైకొమ్మ అందుకుంటాడు, అమ్మాయి నడిమి కొమ్మ వంచుతుంది, చిన్నోడు రాలినవి ఏరుకుంటాడు. చెరువులోనూ అంతే. బొచ్చె పైనీళ్ళలో తేలే కంటికానని పురుగుల్ని మింగుతుంది. దాని మొప్ప ఎత్తి చూడు, దువ్వెన పళ్ళలా ఎంత ఒత్తుగా ఉన్నాయో! నీళ్ళు పోయి పురుగులు మిగిలే జల్లెడ అది. శీలావతి నడుమ తిరుగుతూ పాచీ, కుళ్ళిన ఆకులూ కొరుక్కుంటుంది. మోసు అడుగు బురద తడుముతుంది. ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టరు కాబట్టే మూడింటినీ ఒకే చెరువులో పెంచుతారు. గాలం వేసేవాళ్ళూ అందుకే బొచ్చెకి ఎరని పైపైన వేలాడదీస్తారు, మోసుకైతే నేలకి దించుతారు.

పిల్లలుగా ఉన్నప్పుడు మాత్రం వీటిని పోల్చడం మహా కష్టం. ఇవి పారే వరదనీళ్ళలో గుడ్లు పెడతాయి గానీ, నిలిచిన చెరువులో పెట్టవు. అందుకని వెనకటికి వానాకాలం నదుల్లో పిల్లల్ని పట్టి తెచ్చేవారు. వాటిలో తోటిపిల్లల్ని మింగేసే వాలుగలూ కలిసొచ్చేవి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, చేప మెదడు కింద ఉండే చిన్న గ్రంథి రసం ఎక్కించి, కట్టేసిన నీళ్ళలోనే ఇలాంటి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఎంత గొప్ప సంగతర్రా! ఏ జాతి పిల్లలు కావాలంటే అవే దొరికే దారి అప్పుడు తెరుచుకుంది. ఏటా ఆ రోజున చేపల రైతుల దినం జరుపుకుంటారు.

ఏమిట్రా చిన్నోడా, ఆ అడుగుది తీశావు? తల బొచ్చెకన్నా చిన్నది, మూతి శీలావతికన్నా పైకుంది. భలే పట్టావు! ఆ రెంటినీ కలిపి పుట్టించే సంకర చేపలూ ఉన్నాయి. ఇటివ్వు, పెదవికి కుచ్చులున్నాయేమో వెలుతురులో చూద్దాం.