చెరకుసీమలో నేత్రపరీక్ష, లేజరు చికిత్స

నిజాంసాగరు కాలువనీరు పారినంతమేర వరియు చెరకును పండు కోటగిరి, వర్ని, బోధను ప్రాంతములలో కంటివైద్యుని యొద్దకు వచ్చువారి కథలు విన్నచో, వానిలో పెక్కింటికి మొదలు పొలముననే యున్నదని తెలియును. చెరకు నరకునప్పుడు రంపపుటంచు గల ఆకు రెప్పపాటున కన్నును గీసికొనిపోవును. వరినూర్పిడిలో పొట్టు యెగిరివచ్చి నల్లగుడ్డుపై నాటుకొనును. గీత చిన్నదే, కాని ఆ గీతలోనికి ఆకుతోపాటు బూజుజాతి సూక్ష్మజీవులు ప్రవేశించుటచేత, కొలది దినములకే కన్ను ఎఱ్ఱబారి, నల్లగుడ్డుపై తెల్లనిమచ్చ యేర్పడి, వెలుతురు చూడలేని స్థితి వచ్చును. అప్పుడు కొందఱు ఆకుపసరు పిండుదురు, కొందఱు చనుబాలు పోయుదురు. అంతకంటె ప్రమాదకరముగా, మందులదుకాణములో నడిగి తెచ్చుకొన్న స్టెరాయిడు చుక్కలు వేసికొందురు. ఆ చుక్కలు ఎఱుపును తాత్కాలికముగా అణచును. దానిమాటున బూజు మాత్రము లోలోతునకు పాకును. వైద్యుడు చేయునది మచ్చనుండి కొంచెము గీకితీసి సూక్ష్మదర్శినిలో చూచి, బూజో, బాక్టీరియమో నిర్ణయించి, దానికి దగిన మందును వారముల తరబడి వేయించుట. మచ్చ మిగిలి చూపు పోయినచో, నేత్రదాత యిచ్చిన నల్లగుడ్డును, అనగా కార్నియాను, అతుకవలసి వచ్చును.

ఆధునిక యంత్రములను గూర్చి వ్రాయబూని లేజరు ప్రసక్తియే లేని రోగముతో మొదలుపెట్టుట కొందఱికి విపరీతముగా తోచవచ్చును. కాని ఈ సీమలో లేజరుపై జనులకు గల విశ్వాసము మితిమీరినది. కుట్లు లేకుండ జరిగిన ప్రతి శుక్లపు ఆపరేషనును గూర్చియు ‘లేజర్ కొట్టిచ్చుకున్న’ననియే చెప్పుకొందురు, నిజమునకు, 1967లో అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్ ప్రారంభించిన ఫేకో అను ఆపరేషను పద్ధతిలో ముదిరిన కటకమును ముక్కలుచేయునది కాంతి కాదు, చెవికి వినబడని అతిధ్వని తరంగములు. లేజరు ఎక్కడ, ఎవరికి, ఎంత పనికివచ్చునో తేల్చునది పరీక్ష. గడచిన కొన్ని దశాబ్దులలో నేత్రవైద్యమున వచ్చిన మార్పులలో చికిత్సా యంత్రములకంటె పరీక్షా యంత్రములే గొప్పవని నా అభిప్రాయము.

బ్రతికియున్న మనుష్యుని కంటి లోపలిభాగమును చూడవచ్చునని లోకమునకు చూపినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్. అతని ఆఫ్తల్మోస్కోపు 1851లో వెలువడినది. స్వీడను వైద్యుడు గుల్‌స్ట్రాండ్ తన స్లిట్ ల్యాంపును 1911లో ప్రదర్శించెను. సన్నని చీలికగుండ వచ్చిన కాంతిని కంటిపై వాలించి, నల్లగుడ్డు, కటకము మొదలగువానిని పొరపొరగా పెద్దదిచేసి చూపు ఆ దీపము లేని కంటి ఆసుపత్రి నేటికిని లేదు. చెరకాకు గీత యెంత లోతున కలదో తెలుపునది కూడ అదియే.

ఇక పల్లెజనులకు మిక్కిలి పరిచితమైన యంత్రము ఆటో రిఫ్రాక్టోమీటరు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో మొదలైన కంటివెలుగు అను ప్రభుత్వ నేత్రపరీక్షా కార్యక్రమము, 2023 జనవరి 18న ఖమ్మమున రెండవ విడతగా తిరిగి ఆరంభమై, 1,500 బృందములతో ఊరూర తిరిగినపుడు, బడిగదులలోను పంచాయతీ కార్యాలయములలోను ఈ యంత్రము బల్లమీద కూర్చుండెను. గడ్డము ఆనించి, నుదురు పట్టీకి తగిలించి చూచినచో, దారి చివర ఇల్లో, ఆకసమున తేలు బెలూనో కనబడును. ‘అవ్వా, ఆ బొమ్మనే చూడు, కండ్లు మూయకు’ అని సిబ్బంది చెప్పుచుండగా, యంత్రము కంటికి కనబడని పరారుణకాంతిని లోనికి పంపి, కంటి వెనుకటి పొరయగు రెటీనానుండి తిరిగివచ్చిన కాంతి వంపును కొలిచి, క్షణములలో అంకెలు ముద్రించిన చీటీ నిచ్చును. ఆ చీటీయే కళ్లద్దాల చీటీ యనుకొనరాదు. దానిని ఆధారముగా గొని, అక్షరముల పలకయెదుట అద్దములు మార్చిమార్చి, చూచువాని యనుభవమును అడిగి తుదినిర్ణయము చేయవలెను. బాలుర కంటిలో కటకపు వంపును మార్చు కండరము మిక్కిలి చుఱుకైనదగుటచే యంత్రమునే మోసగింపగలదు. కావున వారికి చుక్కలు వేసి, ఆ కండరమును విశ్రమింపజేసి మఱల పరీక్షింతురు.

నలుబది దాటినవారికి వచ్చు చత్వారమును తేలికగా తీసికొనుట మనకు అలవాటు. అది రోగము కాదు, నిజమే. కాని ఈ నిజామాబాదు జిల్లాలో ఇంటింట బీడీలు చుట్టి బ్రతుకు స్త్రీలకు ఆకు కత్తిరించుట, దారము ముడివేయుట దగ్గరచూపుతోనే జరుగవలెను. చూపు మసకబారినచో కూలి తగ్గును. ఒక జత చదువుకొను అద్దములు వారికి చేయు మేలు, నాగరికులకు ఏ లేజరును చేయజాలదు.

ఈ మాట ఊహ కాదు. కోటగిరి వారికి దూరము కాని ముధోల్‌లో, గోదావరి దాటి బాసర మీదుగా పోవు ఆ పట్టణములో, హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1996లో తన మొదటి గ్రామీణ కంటి ఆసుపత్రిని నెలకొల్పెను. చలనచిత్ర ప్రముఖుడు ఎల్.వి. ప్రసాద్ విరాళముతోను, డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు సంకల్పముతోను 1987లో ఆరంభమైన ఆ సంస్థ, అడుగున పల్లెవాసులకు అద్దములిచ్చు విజన్ సెంటర్లు, వానిపైన శస్త్రచికిత్స చేయు గ్రామీణ ఆసుపత్రులు, శిఖరమున నగరమందలి పెద్ద కేంద్రము అను క్రమమున తన సేవను నిర్మించుకొన్నది. 1996–2000 మధ్య హైదరాబాదులోను, ఆదిలాబాదు, మహబూబునగరు, పశ్చిమగోదావరి జిల్లాలలోను 10,293 మందిని పరీక్షించిన దాని సర్వేలో నూటికి 1.84 మంది అంధులని తేలెను. ఆ అంధత్వమున 44 శాతమునకు శుక్లము, సుమారు 16 శాతమునకు దృష్టిదోషము కారణములు. అనగా అంధులలో సగమునకు మించినవారికి కావలసినది అపూర్వమైన యంత్రమేమియు గాదు. ఒక మామూలు ఆపరేషనో, అద్దములో.

తక్కినవారి కథ వేఱు. యంత్రము అవసరము అచ్చటనే తీవ్రముగా నున్నది. నీటికాసులు అను రోగమున కంటిలోని ద్రవపు ఒత్తిడి దృష్టినాడిని మెల్లగా నలిపివేయుచుండగా, నొప్పి లేక, ఎఱుపు లేక, అంచులనుండి చూపు తరుగుచు వచ్చును. నడిమిచూపు కడవఱకు నిలుచుటచే రోగికి అనుమానమే కలుగదు. కంటిపై ఫుస్సున గాలి యూదు యంత్రము ఆ ఒత్తిడిని కొలుచును. అది సాధారణముగా 10 నుండి 21 మి.మీ. (పాదరసము) వఱకు ఉండును. అయితే ఒత్తిడి యీ హద్దులలో నున్నను నాడి చెడువారు కలరు గనుక, ఆ అంకెయొక్కటి చూచి ఇంటికి పంపుట చాలదు. నాడి రూపమును, ప్రక్కచూపు విస్తృతిని గూడ పరీక్షింపవలెను.

షుగరువ్యాధి కంటికి చేయు ద్రోహము మఱింత గూఢమైనది. రెటీనాలోని సన్నని రక్తనాళములు కారి, మూసికొని, తుదకు బలహీనమైన క్రొత్తనాళములు మొలచి చిట్లువఱకు చూపు చక్కగనే యుండవచ్చును. ఫండస్ కెమెరా ఆ నాళముల ఛాయాచిత్రమును తీయును. పల్లెలో తీసిన ఆ చిత్రమును నగరమందలి వైద్యుడు అదేదినమున చూడగలడు. ఇట్టి చిత్రములను కంప్యూటరే చదివి రోగమును గుర్తింపగలదని 2016లో గూగుల్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో భారతదేశపు కంటి ఆసుపత్రుల చిత్రములును వినియోగింపబడినవి. ఇక 1991లో అమెరికాలో డేవిడ్ హ్వాంగ్, ఫుజిమోటో, స్వాన్సన్ మొదలగువారు లోకమునకు తెలిపిన ఓ.సి.టి. అన్నిటికంటె ఆశ్చర్యకరము. కత్తి తగులకుండ, కాంతి ప్రతిఫలనమునే కొలిచి, సుమారు పావు మిల్లీమీటరు మందము గల రెటీనాను అడ్డుకోతగా పొరపొరను చూపు యంత్రమది. కంటిచూపునకు కేంద్రమైన చోట నీరుచేరినదో లేదో అది చెప్పినపుడు వైద్యుడు వాదింపనవసరము లేదు, రోగియే తెరపై చూచుకొనును.

పరీక్ష యిట్లు తేల్చిన పిదపనే లేజరు ప్రవేశము. కాంతితో కంటికి చికిత్స చేయవచ్చునను ఊహకు మూలము ఒక అపాయము: 1945 నాటి సూర్యగ్రహణమును ఒట్టికంటితో చూచిన విద్యార్థి రెటీనా మాడుటను గమనించిన జర్మను వైద్యుడు మేయర్-ష్వికెరాత్, హానిచేసిన ఆ కాంతినే నియమించి చిరిగిన రెటీనాను అతికింపవచ్చునని తలచి, మొదట సూర్యకిరణములతోను, పిదప జెనాన్ దీపముతోను ప్రయోగించెను. 1960లో మేమన్ మొదటి లేజరును వెలిగింపగా, మరుసటి సంవత్సరమే అది మనుష్యుని కంటికి చేరెను. నేడు షుగరు రెటీనాపై వాడు ఆకుపచ్చ లేజరు ఆ వంశములోనిదే. ప్రాణవాయువు చాలక క్రొత్తనాళములకు పిలుపునిచ్చు రెటీనా అంచుభాగమును అక్కడక్కడ మాడ్చి, ఆ పిలుపును మాన్పును. ఇది పోయిన చూపును తేదు, ఉన్నదానిని కాపాడును. ముదిరిన రోగమున తీవ్రమైన దృష్టినష్టమును ఇది సగమునకు మించి తగ్గించునని 1976లోనే అమెరికాలో జరిగిన బృహత్పరిశోధన నిరూపించినది. ‘లేజరు చేయించినను కనబడకపోయె’ అని కోపించువారు, చేయింపకున్న ఏమగునో చూడలేదు గదా!

యాగ్ లేజరు పని వేఱు. శుక్లపు ఆపరేషను జరిగిన కొన్ని నెలలకో, సంవత్సరములకో, అమర్చిన కృత్రిమ కటకమునకు వెనుకనున్న సహజపు పొర మసకబారినచో, ‘పొర మళ్ల అచ్చింద’ని జనులు దిగులుపడుదురు. శుక్లము తిరిగి రాదు. ఆ పొరకు నడుమ యాగ్ లేజరుతో కిటికీ తెఱచుటకు కొలది నిమిషములు చాలును. కోత లేదు, కట్టు లేదు.

అద్దములు వదలించుకొనగోరు యువతీయువకులను ఆకర్షించునది ఎక్సైమర్ లేజరు. 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఈ అతినీలలోహిత కాంతి, చుట్టుపట్ల మాడ్చక అణుబంధములను త్రెంచి పదార్థమును లిప్తలో ఎగురగొట్టును. దీని గుణమును 1981లో ఐ.బి.ఎం. ప్రయోగశాలలో కనుగొన్న ముగ్గురిలో ఒకడు మద్రాసులో చదువుకొన్న రంగస్వామి శ్రీనివాసన్. పండుగవిందులో మిగిలిన టర్కీకోడి ఎముకలపై ఆయన దానిని పరీక్షించి చూచెను. లాసిక్ పద్ధతిలో నల్లగుడ్డుపైపొరను పుస్తకపు పుటవలె ఒకవైపునకు తెఱచి, లోపలి భాగమును ఈ కాంతితో చెక్కి, మఱల పుటను మూయుదురు. ఇప్పుడా పుటను తెఱచుటకు ఫెమ్టోసెకండు లేజరును వాడుచున్నారు.

ఇచ్చటను నిర్ణయము పరీక్షదే. నల్లగుడ్డు నడిమిమందము సామాన్యముగా 540 మైక్రాన్లు. పుటకు 110 పోవును. ఒక్కొక్క డయాప్టరునకు సుమారు 12 నుండి 15 మైక్రాన్లు చెక్కవలసియుండుటచే మైనస్ 6 గలవానికి 70 నుండి 90 వఱకు పోవును. పుటక్రింద కనీసము 250 మిగులవలెను. లెక్క సరిపోయినను, టోపోగ్రఫీ యంత్రము తీసిన రంగుల పటమున నల్లగుడ్డు శంఖాకృతిగా ముందుకు ఉబ్బుచున్న జాడ కనబడినచో చికిత్స చేయరాదు. బలహీనమైన గోడను చెక్కుట అగును. అలర్జీతో బాల్యమునుండి కండ్లు నులుముకొనువారిని ఈ విషయమున ప్రత్యేకముగా శోధింపవలెను. పదునెనిమిదేండ్లు నిండక, ఒక సంవత్సరముగా అద్దపు నంబరు మాఱక నిలిచియుండక తొందరపడరాదు. పెండ్లి ముహూర్తము దగ్గరపడెనని వచ్చువారికి ఈ మాట రుచింపదు. నలుబదియేండ్లకు రావలసిన చత్వారమును ఏ లాసిక్కును ఆపలేదు.

కాంటాక్టు లెన్సులు వాడువారు టోపోగ్రఫీకి ముందు వైద్యుడు చెప్పినన్ని దినములు వానిని తీసివేయవలెను. ఏలయన, అవి నల్లగుడ్డు ఆకృతిని తాత్కాలికముగా మార్చును. షుగరున్నవారు చూపు బాగున్నను ఏటేట రెటీనాకు పరీక్ష చేయించుకొనవలెను. కంటిపాపను విప్పార్చు చుక్కలు వేసిన పిదప కొన్ని గంటలసేపు వెలుతురు గ్రుచ్చుకొనును, దగ్గరి వస్తువులు మసకగా నుండును. కోటగిరినుండి నిజామాబాదునకో, హైదరాబాదునకో ఒంటరిగా పోవుటకంటె ఒకరిని తోడుకొనిపోయి, తిరుగుప్రయాణమున మోటారుసైకిలు తాళమును వారి చేతి కీయవలెను.