లా చదవాలంటే డిగ్రీలో ఏ గ్రూపు?

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరడానికి ఫలానా డిగ్రీయే ఉండాలన్న నియమం లేదు. బీఏ, బీకాం, బీఎస్సీ ఏదైనా సరే, ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులుంటే చాలు. అందుకే అనంతపురంలో డిగ్రీ చేరే పిల్లలకు ‘ఏ గ్రూపైనా ఒకటేలే’ అని చెప్పేస్తుంటారు. అర్హత వరకు అది నిజం. చదువు దగ్గరికొస్తే నేను ఒప్పుకోను.

ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్‌లో 90 నిమిషాలకు 120 ప్రశ్నలు. ఒక్కోదానికి 45 సెకన్లు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30 మార్కులు, కరెంట్ అఫైర్స్‌కు 30, న్యాయవిద్య ఆప్టిట్యూడ్‌కు 60. ఆ 60లోనే రాజ్యాంగం, న్యాయసూత్రాలు వస్తాయి. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ తీసుకున్నవారికి రాజ్యాంగం డిగ్రీలోనే పరిచయమవుతుంది. మిగతావారు విడిగా కూర్చుని చదవాలి. గట్టెక్కడానికి 35 శాతం, అంటే 42 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస హద్దు లేదు.

సీటు వచ్చాక బరువు పెరుగుతుంది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం తప్పనిసరి పేపర్లు 20, ముసాయిదాలు, మూట్ కోర్టు వంటి క్లినికల్ పేపర్లు 4, ఐచ్ఛికాలు 6. మొత్తం 30. పైగా 12 వారాల ఇంటర్న్‌షిప్. 2024 జులై 1న 511 సెక్షన్ల ఐపీసీ పోయి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నంబర్లు బట్టీ పట్టినవారు మళ్లీ మొదలుపెట్టాలి, చదివి అర్థం చేసుకునే అలవాటున్నవారికి ఆ ఇబ్బంది తక్కువ. డిగ్రీలో చాలామంది తేలిగ్గా వదిలేసే తెలుగు, ఇంగ్లిషు పేపర్లు ఇక్కడే అక్కరకొస్తాయి. కక్షిదారు గోడు తెలుగులో వినాలి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష మాత్రం ఇంగ్లిషు.

ఇంకో పాఠ్యపుస్తకం ఊళ్లోనే ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే ఈ మెట్టసీమలో భూమి సాగు వివరాలుండే అడంగల్ ఒకసారి తీసి చూడండి. పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఇంకొక గడి. శనక్కాయ ఎండిపోయిన ఏడాది పరిహారం ఎవరికి అందాలన్న తగువంతా ఆ రెండు గడుల మధ్యే. గుత్తకు చేసుకునే రైతు పేరు చాలాసార్లు రెంటిలోనూ ఉండదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందానికి దారి చూపింది గానీ, భూయజమాని సంతకం కావాలంది. ఆ సంతకం ఎందుకు పడదో ఎకనామిక్స్ విద్యార్థి ఆలోచిస్తే, ఆస్తి చట్టం, కాంట్రాక్టు చట్టం సగం అర్థమైనట్టే.

ఇంటర్‌లోనే మనసు కుదిరితే ఐదేళ్ల కోర్సు ఉంది. డిగ్రీ, ఎల్‌ఎల్‌బీ కలిపి ఆరేళ్లు కాబట్టి ఏడాది మిగులుతుంది. పంట మీద ఫీజు కట్టే ఇంట్లో ఏడాది చిన్న సంగతి కాదు. చివర్లో లాయరుగా ఎన్‌రోల్‌మెంట్‌కని వేలకు వేలు అడిగే పద్ధతికి సుప్రీంకోర్టు 2024 జులై 30న అడ్డుకట్ట వేసింది: జనరల్‌కు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి వసూలు చేయకూడదు.