షిఫ్టుల ఊళ్లో ఏడీహెచ్‌డీ

జంషెడ్‌పూర్‌లో రోజును షిఫ్టులతో కొలుస్తారు. పొద్దున ఆరింటికి ‘ఎ’, మధ్యాహ్నం రెండింటికి ‘బి’, రాత్రి పదింటికి ‘సి’. టాటా ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే మొదలైంది. ఆ పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే ఉంటున్నాయి. గడియారం ఇంత కచ్చితంగా నడిచే చోట తరచూ ఆలస్యమయ్యేవారికి, గేటు దాకా వెళ్లాక పాసు ఇంట్లో మరిచానని గుర్తొచ్చేవారికి ‘నిర్లక్ష్యం మనిషి’ అన్న పేరు తేలిగ్గా పడిపోతుంది. కొందరి విషయంలో ఆ పేరు తప్పు.

అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్, అంటే ఏడీహెచ్‌డీ, అల్లరి పిల్లల సమస్యగానే చాలామందికి తెలుసు. అయితే అది పెద్దయ్యాక కూడా కొనసాగవచ్చు. చిన్నప్పటి నుంచి లక్షణాలు ఉండి, పెద్దయ్యాకా తగ్గనివారు ప్రపంచంలో సుమారు 2.6 శాతం ఉంటారని 2021లో వచ్చిన ఒక సమీక్ష అంచనా. కవలలపై జరిగిన అధ్యయనాల ప్రకారం ఇందులో వంశపారంపర్యం వాటా 70 శాతానికి పైనే. బిడ్డకు పరీక్షలు చేయిస్తుండగా తండ్రికో తల్లికో తమ కథ అర్థమవడం అందుకే అరుదు కాదు.

వీరికి ఏకాగ్రత అసలే ఉండదనుకోవడం పొరపాటు. ఇష్టమైన పనిలో పడితే తిండి కూడా గుర్తుండదు. కష్టమల్లా ఏకాగ్రతను కావలసిన చోటికి, కావలసిన సమయానికి మళ్లించడంలోనే. పని ఎంతసేపు పడుతుందన్న అంచనా కూడా తప్పుతుంది.

షిఫ్టుల ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. నిద్ర చాలకపోయినా మతిమరుపు, చిరాకు, పరధ్యానం వస్తాయి. థైరాయిడ్ లోపం, కుంగుబాటు, ఆందోళన కూడా అలాగే కనిపించవచ్చు. అందుకే మానసిక వైద్యులు ముందు నిద్ర గురించి, తర్వాత బాల్యం గురించి అడుగుతారు. 2013లో సవరించిన అమెరికా ప్రమాణాల ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. పాత ప్రోగ్రెస్ కార్డులు, అమ్మో అక్కో చెప్పే సంగతులు అక్కడ పనికొస్తాయి. ఫోనులో నింపే ప్రశ్నావళి ఒక్కటే నిర్ధారణ కాదు. రాంచీ దగ్గర కాంకేలో 1918 నుంచి కేంద్రీయ మనశ్చికిత్సా సంస్థ ఉంది. అంతదూరం వెళ్లేముందు మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416.

మందుల్లో మిథైల్‌ఫెనిడేట్ ముఖ్యమైనది. చట్టపరమైన నియంత్రణలో ఉన్న మందు కాబట్టి వైద్యుని చీటీ తప్పనిసరి. బీపీ, గుండె వేగం చూస్తూ వాడాలి. స్వీడన్‌లో సుమారు 17 వేల మంది రికార్డులను పరిశీలించినప్పుడు, మందు వాడిన కాలంలో ఏడీహెచ్‌డీ ఉన్న పురుషులకు తీవ్రమైన రోడ్డు ప్రమాదాల ముప్పు 58 శాతం తక్కువగా కనిపించింది. స్త్రీలలో అంత స్పష్టమైన తేడా రాలేదు. రాత్రి షిఫ్టు ముగించుకుని బైకు మీద ఇంటికొచ్చేవారికి ఇది చిన్న విషయం కాదు.

మందు ఏకాగ్రతకు సాయపడుతుంది కానీ, ఇంటి బిల్లులు కట్టదు. మందు వాడుతున్నా లక్షణాలు తగ్గని 86 మంది పెద్దలపై అమెరికాలో జరిగిన ప్రయోగ ఫలితాలు 2010లో వచ్చాయి. పనులను ముక్కలు చేసుకోవడం, క్యాలెండరు వాడటం, మనసు మళ్లించే వాటిని దూరం పెట్టడం నేర్పిన బృందంలో మూడింట రెండు వంతుల మంది మెరుగయ్యారు. విశ్రాంతి పద్ధతులు నేర్చినవారిలో అది మూడో వంతే.

నిజానికి ఈ కిటుకు కర్మాగారాలకు పాతదే. షిఫ్టు మారేటప్పుడు ఏ యంత్రం ఆగిందో నోటిమాటగా వదిలేయరు, లాగ్‌బుక్‌లో రాస్తారు. మరమ్మతులో ఉన్న స్విచ్‌కు ట్యాగు తగిలిస్తారు. లాగ్‌బుక్ చూసుకున్న ఇంజనీరును మతిమరుపు మనిషని ఎవరూ వెక్కిరించరు. అదే ఏర్పాటు ఇంట్లో చేస్తే ఎందుకో చిన్నతనంగా తోస్తుంది. తలుపు పక్క మేకుకు పాసు, తాళాలు, హెల్మెట్ తగిలించడం. ఆరింటి షిఫ్టుకు లేచే వేళకు ఒక అలారం, బయల్దేరే వేళకు ఇంకొకటి పెట్టుకోవడం. జీతం పడిన రోజే బిల్లులు వాటంతటవే కట్టుబడిపోయేలా బ్యాంకుకు చెప్పడం. ‘మళ్లీ మర్చిపోయావా?’ అని రోజూ అడిగే పని భార్యకో అమ్మకో తప్పితే, ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి.

షిఫ్టు వారం వారం మారితే మాత్రం ఈ అమరిక చెదురుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దల్లో చాలామందికి సహజంగానే నిద్ర ఆలస్యంగా పడుతుంది. కాబట్టి ‘ఎ’ షిఫ్టు వారం వారికి మరీ కష్టం. ‘సి’ షిఫ్టులో ఉన్నప్పుడు మాత్ర ఏ వేళకు వేసుకోవాలో సొంతంగా తేల్చుకోకూడదు. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నెల షిఫ్టుల కాగితం కూడా వెంట తీసుకెళ్తే ఆయన లెక్కగట్టి చెప్పగలరు.