ఫోనుద్వారా కొను మందులు, సీసాపై నుండు హెచ్చరికలు

ఎరువులకై మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులలో పలువురు ఇటీవల తమ ఫోనులు మాకు చూపి, "అయ్యా, ఇదే పురుగుమందు ఇందులో చవుకగా నున్నది; ఇంటికే తెచ్చి యిత్తురట; తెప్పించుకొనవచ్చునా?" అని యడుగుచున్నారు. ఈ ప్రశ్నకు అవుననిగాని కాదనిగాని ఒక్క మాటలో బదులు చెప్పుట మాకు సాధ్యము కాకున్నది. ఆన్‌లైనున పురుగుమందు లమ్ముట నేరము గాదు. 2022వ సంవత్సరము నవంబరులో కేంద్రప్రభుత్వము పురుగుమందుల నియమములను సవరించి, లైసెన్సు గల వర్తకులు ఈ మార్గమున అమ్మి రైతుల యిండ్లకు చేర్చుటకు అనుమతి నిచ్చినది. అమ్మువాని లైసెన్సు సరియైనదో కాదో విచారించుకొను బాధ్యతను ఆ అంగడిని నడుపు కంపెనీపై నుంచినది. కావున మా సందేహము చట్టమునుగూర్చి గాదు, ధరనుగూర్చియు గాదు. సీసాపై నుండు హెచ్చరిక కొనువాని కంటబడునది డబ్బు చెల్లించుటకు ముందా, తరువాతనా యన్నదే మా సందేహము.

ఆ హెచ్చరిక ఊరక పుట్టినది గాదు. 1958వ సంవత్సరమున కేరళమున పారథియాన్ అను పురుగుమందును ఆహారపదార్థములను కలిపి రవాణా చేయుటచే, కారిన విషము గోధుమపిండికి సోకి, ఆ పిండి తినిన వారిలో నూరుమందికి పైగా మరణించిరి. పిమ్మట న్యాయమూర్తి షా గారి విచారణసంఘము ఏర్పడినది. 1968లో పురుగుమందుల చట్టమును, 1971లో దాని నియమములును వచ్చినవి. ఏ పురుగుమందును ఆహారపదార్థములకుగాని పశువుల దాణాకుగాని తగులునట్లు రవాణా చేయరాదనియు, నిలువయుంచరాదనియు ఆ నియమములలో నున్నది. నేడు ఒకే అట్టపెట్టెలో కందిపప్పు పొట్లమును మందుసీసాయు ఒకదానినొకటి తగులుచు వచ్చినయెడల, దానిని పుచ్చుకొనక తిప్పిపంపుటకు రైతునకు ఈ నియమమే ఆధారము.

ఇక లేబులు సంగతి. దానిపై మూలమీద నిలిపిన చతురస్రమొకటి యుండును. లేబులు ముఖభాగములో పదునారింట నొక వంతుకు తక్కువ గాకుండ అది యుండవలెనని నియమము. దాని దిగువ సగమున రంగును, ఎగువ సగమున హెచ్చరిక మాటయు నుండును. ప్రయోగశాలలో జంతువులకు మందును నోటిద్వారా నిచ్చి, వానిలో సగము చచ్చుటకు కిలో శరీరపు బరువునకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టునో లెక్కించి ఈ రంగును నిర్ణయింతురు. 50 మిల్లీగ్రాములలోపల చంపునది ఎఱుపు. దానిపై పుఱ్ఱెయు ఎముకలును గూడ నుండును. 500 లోపల పసుపు, 5000 లోపల నీలము, అంతకు మించినచో పచ్చ. పచ్చరంగు మందు మంచినీళ్ళవంటిదని యెవ్వరును తలంపరాదు. చట్టముకూడ దానిని స్వల్పవిషమనియే చెప్పుచున్నది గాని విషము గాదని చెప్పుట లేదు.

అయితే రంగు సమస్తమును చెప్పజాలదు. పారాక్వాట్ అను గడ్డిమందునకు విరుగుడు నేటికిని లేదు. కొద్ది గుక్కలు లోనికి పోయినను మూత్రపిండములు చెడి, ఊపిరితిత్తులు గట్టిపడి, మనిషి కొన్నిదినములు తెలివితోనే యుండి బాధపడి మరణించును. ఇట్టి సంగతి విరుగుడునుగూర్చి వ్రాసిన పంక్తిని చదివినవానికే తెలియును. లేబులును, పెట్టెలో మడచి పెట్టిన కరపత్రమును హిందీ, ఇంగ్లీషులతోపాటు ప్రాంతీయభాషలో గూడ నుండవలెను. మనవారు సాధారణముగా సీసాను తీసికొని కరపత్రమును చేనిగట్టున వదలుదురు. అక్షరములు చీమలబారువలె నుండుటయు నందుకు కారణమే. ఆ దోషము రైతుది గాదు.

ఇప్పుడు ఫోనులోని పుటను చూడుడు. సీసా ముందువైపు బొమ్మ, క్రింద ధర, ఆ క్రింద పొగడ్తలు. వెనుకవైపు బొమ్మ చాలచోట్ల నుండదు. ఉన్నను చదువుటకు వీలు గాదు. "పూర్తిగా సురక్షితము", "పిల్లలకు, పశువులకు హానిలేదు" అను మాటలు మాత్రము పెద్ద అక్షరములతో కానవచ్చును. "సురక్షితము", "హానిరహితము", "విషము గాదు" అను మాటలను "చెప్పిన రీతిని వాడినప్పుడు" అను షరతు ఉన్నను లేకున్నను లేబులుపై ముద్రింపరాదని 1971 నాటి నియమములే నిషేధించినవి. సీసాపై చెప్పగూడని మాటను సీసాను అమ్ముపుటపై చెప్పుట ఏమి న్యాయమో మాకు బోధపడకున్నది. "బయో" అను పేరు పెట్టుకొని వచ్చు మందుల విషయమున మరింత జాగరూకత వలయును. జీవఉత్తేజకములను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల క్రిందికి తెచ్చి, వానిలో పురుగుమందు కలియరాదని శాసించిరి. అట్టి మందు చల్లిన మరునాడే పురుగు రాలిపడినచో సంతోషింపక అనుమానింపవలెను.

దుకాణదారులందరును ధర్మరాజులని మేమనజాలము. అప్పున్న రైతునకు అక్కఱలేని సీసాను అంటగట్టువారిని మనమెఱుగుదుము. అయినను దుకాణమున సీసా చేతికి వచ్చును, త్రిప్పి చూడవచ్చును, చదువురానివాడు ప్రక్కవానిచేత చదివించుకొనవచ్చును. ఫోనులో ఆ యవకాశము లేదు.

ఈ లోపమును దిద్దుట యసాధ్యము గాదు. మన గ్రామముల పిల్లలు ఉద్యోగములకై పోయి యున్న కాలిఫోర్నియా రాష్ట్రమున 1986లో ప్రజలు ఓటు వేసి యొక చట్టమును తెచ్చుకొనిరి. క్యాన్సరునుగాని గర్భదోషమునుగాని కలిగించు ద్రవ్యములున్న వస్తువులపై హెచ్చరిక యుండవలెనని దాని సారము. 2018 ఆగస్టు 30 నుండి అమలైన సవరణ ప్రకారము, ఆన్‌లైనున అమ్మునపుడు కొనుగోలు పూర్తియగుటకు ముందే ఆ హెచ్చరిక కొనువానికి కనబడవలెను. అచ్చట హెచ్చరికలు మితిమీరి, జనులు వానిని లక్ష్యపెట్టుట మానిరను విమర్శయు లేకపోలేదు. అయినను ముందు హెచ్చరిక, తరువాత చెల్లింపు అను క్రమము మాత్రము మనకును కావలసినదే.

చేనిమందులకే గాదు, ఇంటిలో వాడు దోమలమందునకును, చీమలమందునకును, ఎలుకలమందునకును ఈ మాట వర్తించును. పసుపుపచ్చ భాస్వరముతో చేసిన ఎలుకలపేస్టు వీనిలో మిక్కిలి మోసకరమైనది. అది లోనికి పోయిన దినమున వాంతులు, కడుపునొప్పి కలిగి తగ్గును. రెండవదినమున రోగి లేచి తిరుగుచు అన్నమడుగును. ఇంటివారు గండము గడచినదని ఆసుపత్రినుండి తీసికొనిపోవుదురు. తరువాత కామెర్లు కనబడి కాలేయము చెడును. దీనికిని విరుగుడు లేదు. కావున రోగి నెమ్మదిగా నున్నాడని ఆ రెండవదినమున వైద్యుని విడిచి పోరాదు.

ఫోనుద్వారానే కొనదలచిన సభ్యులు ముందుగా అమ్మువాని పేరును లైసెన్సును, మందు రిజిస్ట్రేషను సంఖ్యను, లేబులు నాలుగువైపుల బొమ్మలను అడుగవలెను. చూపనివానియొద్ద కొనకుడు. పెట్టె వచ్చిన దినముననే విప్పి, సీలును, బ్యాచి సంఖ్యను, గడువుతేదీని చూచి, లేబులునకు ఫోనులోనే ఫొటో తీసి యుంచుకొనుడు, బిల్లును పారవేయకుడు. సంఖ్య లేకున్నను, లేబులు చింపి అంటించినట్లున్నను మండల వ్యవసాయాధికారికి చూపుడు. డబ్బు తిరిగి రాని తగవులకు జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము 1915 సంఖ్యపై నున్నది. చదువురాని సభ్యులు సీసాను మూత విప్పక మన కార్యాలయమునకు తెచ్చినయెడల కరపత్రమును మా గుమాస్తా చదివి వినిపించును.

మిగిలిన మందును శీతలపానీయపు సీసాలలో పోసి యుంచు నలవాటు మన యిండ్లలో నింకను పోలేదు. దాహముతో వచ్చిన పిల్లవానికి ఆ సీసా నీళ్ళసీసాయే. లేబులు లేని మందును త్రాగినవానిని ఆసుపత్రికి తెచ్చినపుడు ఏ విషమో తెలియక వైద్యుడు వెదకికొనవలసి వచ్చును. ఒక్కొక్క మందునకు చికిత్స వేరు. ఎవరికైన విషము సోకినయెడల ఉప్పునీరు పోసి వాంతి చేయింపక, తడిసిన బట్టలు విప్పి ఒడలు కడిగి, 108ని పిలిచి, రోగితోపాటు ఆ సీసాను, కరపత్రమును గూడ బండిలో నుంచుడు.