గుడ్లపై కూర్చున్న తల్లి పడే శ్రమ

గుడ్లను పొదుగుతున్న పిట్టను చూసి అది విశ్రాంతి తీసుకుంటున్నదని మనం భావిస్తాం. పిల్లలు పుట్టిన తరువాత తల్లిదండ్రులు రోజంతా పురుగులను మోసుకొస్తూ పడే పాట్లు మన కంటికి కనిపిస్తాయి. పొదిగే తల్లి శ్రమ కనిపించదు. ఒకప్పుడు శాస్త్రవేత్తల దృష్టి కూడా పిల్లలకు మేత తెచ్చే దశపైనే ఎక్కువగా ఉండేది. ఎంతమంది పిల్లలను పోషించగలదన్న దానిని బట్టే పక్షి పెట్టే గుడ్ల సంఖ్య నిర్ణయమవుతుందని బ్రిటన్ పక్షిశాస్త్రవేత్త డేవిడ్ లాక్ 1947లో ప్రతిపాదించారు. తరువాతి పరిశోధనలు ఆ లెక్కలో పొదిగే దశను కూడా చేర్చవలసి ఉందని తేల్చాయి.

గ్రేట్ టిట్ అనే పిట్టనే ఉదాహరణగా తీసుకుందాం. నల్లని తల, తెల్లని బుగ్గలు, పసుపుపచ్చని పొట్ట గల ఈ పక్షి యూరప్ తోటలలోనూ అడవులలోనూ సర్వసాధారణంగా కనిపిస్తుంది. దాని బరువు సుమారు 18 గ్రాములు. రోజుకొకటి చొప్పున ఎనిమిది, తొమ్మిది గుడ్లు పెడుతుంది. వాటన్నింటి బరువు కలిపితే తల్లి బరువులో దాదాపు ముప్పావు వంతు ఉంటుంది. ఆ అలసట తీరకముందే సుమారు రెండు వారాల పాటు పొదగవలసి ఉంటుంది. ఆ పని తల్లిది మాత్రమే.

వేడిని నిలబెట్టే పోరాటం

పిండం సక్రమంగా ఎదగాలంటే గుడ్డు ఉష్ణోగ్రత 36 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఇంచుమించు 26 డిగ్రీల కంటే తగ్గితే ఎదుగుదల నిలిచిపోతుంది. 40 డిగ్రీలు దాటితే పిండం ప్రాణానికే ముప్పు. మొదటి రోజులలో పిండం సొంతంగా పుట్టించే వేడి దాదాపు శూన్యం. అందుకే తల్లి పొట్టమీది ఈకలు రాలిపోయి చర్మం బయటపడుతుంది. అక్కడి రక్తనాళాలు ఉబ్బి, తల్లి ఒంటి వేడిని నేరుగా గుడ్లకు అందిస్తాయి.

చిన్న పిట్ట ఒంట్లో ఆహార నిల్వలు బహు స్వల్పం. తాను తినాలంటే గూడు వదలాలి. వదిలితే గుడ్లు చల్లబడతాయి. తిరిగి వచ్చి వాటిని వేడెక్కించడానికి మరింత శక్తి ధారపోయాలి. అందుకే కాసేపు కూర్చోవడం, కొద్ది నిమిషాలు మేతకు వెళ్లి పరుగున తిరిగి రావడం పగలంతా సాగుతూనే ఉంటుంది. వాతావరణం చల్లబడినకొద్దీ, గుడ్ల సంఖ్య పెరిగినకొద్దీ పొదిగే పక్షి ఖర్చు చేసే శక్తి కూడా పెరుగుతుందని నార్వే శాస్త్రవేత్తలు హాఫ్టోర్న్, రైనెర్ట్సెన్ 1985లో బ్లూ టిట్ అనే దగ్గరి జాతి పిట్టపై కొలిచి చూపారు. పొదిగే రోజులలో చిన్న పక్షులు వెచ్చించే శక్తి, పూర్తి విశ్రాంతిలో ఉన్నప్పటి కంటే సుమారు మూడు రెట్లు. పిల్లలకు మేత తెచ్చే రోజుల ఖర్చుకు ఇది ఏమంత తీసిపోదు.

మూల్యం ఎవరు చెల్లిస్తారు?

నెదర్లాండ్స్‌లో విస్సర్, లెసెల్స్ అనే పరిశోధకులు గ్రేట్ టిట్‌లపై చేసిన ప్రయోగ ఫలితాలను 2001లో ప్రకటించారు. వారు తల్లిపక్షులను మూడు విధాలుగా పరీక్షించారు. కొన్నింటికి అదనపు పిల్లలను మాత్రమే ఇచ్చారు. కొన్ని అదనపు గుడ్లను పొదిగి ఆ పిల్లలను పెంచాయి. మరికొన్ని ఆ అదనపు గుడ్లను తామే పెట్టి, పొదిగి, పెంచాయి. భారం పెరిగినకొద్దీ నష్టమూ పెరిగింది. ఆ నష్టం సంతానంలో కనిపించలేదు; తల్లులు ఆ తరువాత బ్రతికి ఉండే అవకాశమే తగ్గింది. అంటే ఆ మూల్యాన్ని తల్లి తన ఆయుష్షుతో చెల్లించింది.

పిట్టల లెక్కలు మనుషులకు యథాతథంగా వర్తించవు. అయినప్పటికీ, కదలక కూర్చున్నంత మాత్రాన అది శ్రమ కాదనుకోవడం పొరపాటని ఇవి గుర్తుచేస్తున్నాయి. గర్భిణిని, బాలింతను చూసి “ఇంట్లో ఊరికే కూర్చునే ఉంది కదా” అనే మాట మన ఇళ్లలోనూ వినిపిస్తుంటుంది. మగ గ్రేట్ టిట్ గుడ్లను పొదగలేదు. కానీ మేత తెచ్చి తల్లి నోటికి అందిస్తుంది. అది తెచ్చే ఒక్కో పురుగు వల్ల తల్లి గూడు వదిలి వెళ్లవలసిన అవసరం అంతమేరకు తగ్గుతుంది.