అటకెక్కిన థీసిస్

సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుతూ అటక మీది సామాన్లు దించుతుంటే, పాత ఇత్తడి గంగాళం వెనక నుంచి ఒక లావుపాటి పుస్తకం బయటపడింది. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. దుమ్ము తుడిచి చూద్దును గదా, మా ఆడపడుచు పీహెచ్‌డీ థీసిస్! వేరుశనగ గింజకు పట్టే బూజు మీద ఆరేళ్లు చేసిన చాకిరీ అది.

వెంటనే ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, అది ఇంకా ఉందా వదినా! ఊరగాయ జాడీ మీద బరువుకు పెట్టుకో" అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకేమీ నచ్చలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు పని మీద మనసు నిలవలేదు.

తను మా అత్తగారి ఆఖరి కూతురు. ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్టు వచ్చింది. పొరుగు రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరింది. సెలవులకు ఇంటికొస్తే ముందు వంటింట్లోకి వచ్చి పల్లీల డబ్బా మూత తీసి చూసేది. "బూజు పట్టిన గింజ వేయిస్తే మాత్రం దాని విషం పోదు వదినా, పారెయ్" అనేది. ఆ విషాన్ని అఫ్లటాక్సిన్ అంటారనీ, కాలేయానికి మహా చేటనీ తను చెబితేనే నాకు తెలిసింది. బీఎస్సీ బోటనీ చదివిన నేను అంతవరకూ బూజు గింజల్ని ఎండలో పెట్టి, దులిపి, పచ్చడి చేసేసేదాన్ని!

ఇరవై తొమ్మిదో ఏట డాక్టరేటు వచ్చింది. ముప్ఫయ్యో ఏట పెళ్లి. ఆ తర్వాత ఒక రెండేళ్ల ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. అది నడుస్తుండగానే నెల తప్పింది. ప్రాజెక్టు గడువు పుట్టబోయే బిడ్డ కోసం ఆగదు కదా! కాన్పయి మూడో నెల వచ్చేసరికి ఇక్కడ ప్రాజెక్టే ముగిసిపోయింది. తర్వాత ఒకచోట ఇంటర్వ్యూకి వెళ్లింది. చదివిన విషయం మీద రెండు ప్రశ్నలు వేశారట, ఇంటి విషయం మీద నాలుగు. మీవారి ఉద్యోగం ఎక్కడ? బాబుని ఎవరు చూస్తారు? రాత్రిళ్లు ల్యాబులో ఉండగలరా? మళ్లీ సెలవు అడగరు కదా? అడిగిన ఐదుగురిలో ఒకావిడ కూడా ఉన్నారట. ఆవిడ కాగితాల్లోంచి తలెత్తలేదట. బయట బెంచీ మీద తన పక్కనే కూర్చున్న కుర్రాడికీ అయిదు నెలల పాప ఉంది. పాపని ఎవరు చూస్తారని అతన్ని ఎవరూ అడగలేదు.

అప్పుడు నేనేమన్నానో నాకు బాగా గుర్తు. "ఎందుకమ్మాయ్ ఈ తిప్పలు? దగ్గర్లో ఏదో జూనియర్ కాలేజీలో చేరిపో. పిల్లాడు కళ్లెదుటే ఉంటాడు" అన్నాను. చేరింది. ఇప్పుడు తనకి 36. పొద్దున్నే ఏడున్నరకి వెళ్లి ఎంట్రన్సు పిల్లలకి జువాలజీ బిట్లు చెప్పి వస్తుంది. పాఠం చెప్పడం తక్కువ పనని నా ఉద్దేశం కాదు. మా నాన్నగారూ పంతులుగారే. కానీ ఆ పని తను కోరుకున్నది కాదు. కోరుకోమని తోసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంతమంది చదివి ఎక్కడికి పోతున్నారు?

ఆడపిల్లలు పరిశోధన దాకా రారని అనడానికి ఇప్పుడు వీల్లేదు. కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2014-15లో దేశం మొత్తం మీద పీహెచ్‌డీ చేస్తున్న స్త్రీలు దాదాపు 48 వేలమంది. 2021-22 నాటికి వాళ్ల సంఖ్య 99 వేలకు చేరింది. అంటే పీహెచ్‌డీ చేసేవారిలో సగానికి కాస్తే తక్కువ. బాగానే ఉంది. కానీ ఆ తర్వాత పరిశోధనే ఉద్యోగంగా బతుకుతున్నవాళ్లని లెక్కపెడితే వందమందిలో స్త్రీలు ఇరవైమంది కూడా లేరు. మరి మిగతావాళ్లంతా ఏమైనట్టు? మా ఆడపడుచులాగే ఏ అటక కిందో, ఏ ట్యూషన్ సెంటర్లోనో ఉంటారు.

"పెళ్లీ పిల్లలూ వచ్చాక ఆడవాళ్లే మానేస్తారమ్మా" అని అందరం తేలిగ్గా అనేస్తాం. 2010లో భారతీయ విజ్ఞాన అకాడమీ, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ కలిసి ఒక అధ్యయనం వెలువరించాయి. పీహెచ్‌డీ చేసినవాళ్లని అయిదువందలమందికి పైగా ప్రశ్నించారు. పరిశోధన వదిలేసిన స్త్రీల్లో చాలామంది ఇల్లు అడ్డమొచ్చిందని చెప్పలేదు, తగిన ఉద్యోగం దొరకలేదని చెప్పారు. ఇల్లే కారణమని ఎక్కువగా అనుకున్నది మగ శాస్త్రవేత్తలు! ఆ అధ్యయనం చేసినవాళ్లలో భౌతిక శాస్త్రవేత్త రోహిణీ గోడ్బోలే ఒకరు. దాదాపు వందమంది భారతీయ మహిళా శాస్త్రవేత్తల జీవితాలతో 2008లో వచ్చిన 'లీలావతీస్ డాటర్స్' పుస్తకానికి కూడా ఆవిడ ఒక సంపాదకురాలు. 2024లో కన్నుమూశారు. ఇంట్లో చదువుకునే ఆడపిల్ల ఉంటే ఆ పుస్తకం కొనిపెట్టండి. పట్టుచీర ఖరీదు ముందు అదెంత!

షరతులతో ఇచ్చిన సీటు

ఈ ప్రశ్నలూ షరతులూ ఇవాళ పుట్టినవి కావు. 1933లో కమలా భాగవత్ అనే అమ్మాయి బొంబాయి విశ్వవిద్యాలయంలో బీఎస్సీ మొదటి స్థానంలో పాసై, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు దరఖాస్తు పెట్టుకుంది. అప్పుడు డైరెక్టరు సాక్షాత్తూ సర్ సి.వి. రామన్. ఆడపిల్లలకు సీటు లేదు పొమ్మన్నారాయన. ఆ అమ్మాయి ఊరుకోలేదు. బెంగళూరు వెళ్లి ఎదురుగా నిలబడి, ఎందుకు ఇవ్వరో చెప్పమంది. చివరికి సీటిచ్చారు, షరతుల మీద. మొదటి ఏడాది రెగ్యులర్ విద్యార్థినిగా లెక్కించరు. పని నచ్చితేనే గుర్తింపు. గైడు చెబితే రాత్రి పొద్దుపోయేదాకా పనిచెయ్యాలి. అన్నిటికీ మించి, అక్కడి మగ పరిశోధకుల ఏకాగ్రతకు భంగం కలగకూడదు!

కమల ఒప్పుకుంది. పాలల్లోనూ పప్పుల్లోనూ ఉండే మాంసకృత్తుల మీద పనిచేసింది. ఏడాది తిరిగేసరికి రామన్‌గారే మెత్తబడి, ఆడపిల్లలకు తలుపు తీశారు. ఆమె అక్కణ్ణుంచి కేంబ్రిడ్జి వెళ్లింది. మొక్కల్లో కూడా సైటోక్రోమ్ సి అనే మాంసకృత్తు ఉంటుందని బంగాళాదుంప మీద పనిచేస్తూ కనిపెట్టింది. 1939లో డాక్టరేటు అందుకుంది. ఆ థీసిస్ మొత్తం నలభై పేజీలేనట! మా ఆడపడుచు థీసిస్ బరువు గుర్తొచ్చి నవ్వొచ్చింది నాకు.

కథ ఇక్కడితో అయిపోతే మనందరం చప్పట్లు కొట్టి ఊరుకోవచ్చు. కానీ ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి. ఆమె తిరిగొచ్చి ఢిల్లీలో లేడీ హార్డింజ్ కాలేజీలో పనిచేసింది. అక్కణ్ణుంచి కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో అసిస్టెంట్ డైరెక్టరుగా చేరింది. అక్కడా పైకెళ్లే దారి కనపడలేదు. 1947లో ఎం.వి. సొహోనీగారిని పెళ్లాడి బొంబాయి వెళ్లిపోయింది. అక్కడి రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్యురాలై తాటి నీరా మీద, పేద పిల్లల తిండి మీద పరిశోధన చేయించింది. నీరా పనికి రాష్ట్రపతి అవార్డు కూడా వచ్చింది. అంత చేసినా, సంస్థ డైరెక్టరు పదవి ఆమెకు రావలసినప్పుడు రాలేదు. లోపలి రాజకీయాలతో ఏళ్ల తరబడి ఆపి, ఆఖర్న ఇచ్చారు. చూడండి, సీటు కోసం ఒకసారి పోరాడితే సరిపోలేదు. ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ మొదటికే వచ్చింది.

ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. తార్నాకలో మనం బస్సులోంచి చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే. ఇటీవలి ఏళ్లలో ఆ సంస్థకు డాక్టర్ ఆర్. హేమలత డైరెక్టరుగా పనిచేశారు. హైదరాబాదులోనే సీసీఎంబీలో పనిచేసిన మంజులా రెడ్డిగారికి బాక్టీరియా కణాల గోడల మీద చేసిన కృషికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. 2022లో సీఎస్ఐఆర్‌కు తొలిసారిగా ఒక స్త్రీ, కలైసెల్విగారు, డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఇవన్నీ సంతోషమే. కానీ ఆ సంస్థ పుట్టింది 1942లో. ఎనభై ఏళ్లు పట్టింది!

అన్నా మణి సంగతి మరీ అన్యాయం. రామన్‌గారి దగ్గరే వజ్రాల మీద, కెంపుల మీద పనిచేసి అయిదు పరిశోధన పత్రాలు రాసి, 1945లో మద్రాసు విశ్వవిద్యాలయానికి థీసిస్ సమర్పించింది. ఎమ్మెస్సీ లేదు గనక డాక్టరేటు ఇవ్వమన్నారు. డాక్టరేటు లేకుండానే ఆవిడ వాతావరణ శాఖలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ దాకా వెళ్లింది.

డబ్బు మాట ఎవరూ ఎత్తరేం?

పరిశోధన అంటే సరస్వతీ సేవ అంటారు. సేవే అనుకుందాం, మరి హాస్టల్ మెస్సు బిల్లు? జాతీయ పరీక్షలో నెగ్గి జేఆర్ఎఫ్ తెచ్చుకున్నవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. ఆ అదృష్టం కొద్దిమందికే. అది లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరినవారికి ఇచ్చేది ఏళ్ల తరబడి 8,000 దగ్గరే ఉండిపోయింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. వచ్చేది కూడా నెలనెలా రాదు. మా ఆడపడుచుకి ఒకసారి అయిదు నెలలపాటు రాలేదు. మా అత్తగారు చీటీ పాడి పంపారు. పాడగలిగే చీటీ ఉంది గనక సరిపోయింది.

అదీ లేని ఇళ్లు ఎన్నో. వాళ్ల ఇంట్లో, వాళ్ల వాడలో తొలిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన పిల్లలు ఆ డబ్బులోంచే ఇంటికి పంపుతారు. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల రాసిపెట్టి వెళ్లిన ఉత్తరంలో తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ ఒక లక్షా డెబ్బయ్యయిదు వేలు ఇంట్లోవాళ్లకి అందేలా చూడమని ఉంది. వాళ్లమ్మ బట్టలు కుట్టి పిల్లల్ని చదివించింది. ఆ వాక్యం పేపర్లో చదివిన రోజున నేను అన్నం తినలేకపోయాను. కులం, ఊరు, ఇంగ్లీషు, ఆడపుట్టుక... ఒక్కోటీ ఒక్కో గడప. కొందరు అన్నీ దాటాలి, కొందరికి ఒక్కటీ అడ్డం రాదు. అందరినీ కలిపి ఒకే వయోపరిమితి గీతతో కొలిస్తే న్యాయమెలా అవుతుంది?

ఉన్నవీ, లేనివీ

కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి, మనకే తెలియవు. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేస్తున్న స్త్రీలకు మొత్తం కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చు. గడువు మీద మరో రెండేళ్లు కూడా అదనంగా అడగొచ్చు. మీ అమ్మాయి గైడు "అలాంటివేం లేవు" అంటే నిబంధన కాగితం తీసి చూపించమనండి.

మధ్యలో ఆగిపోయినవారి కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002లో మహిళా శాస్త్రవేత్తల పథకం పెట్టింది. పేర్లూ రూపాలూ మారుతున్నా ఆ వరస కొనసాగుతోంది. ఇరవై ఏడేళ్లు నిండిన దగ్గర్నుంచి యాభై దాటినవారి దాకా అవకాశం ఉంది. బయోటెక్నాలజీ శాఖ 2011లో బయోకేర్ అని ఇంకోటి తెచ్చింది. ప్రకటన ఎప్పుడు పడుతుందా అని ఆయా శాఖల వెబ్‌సైట్లు చూస్తూ ఉండాలి. మెలిక ఏమిటంటే, ముందు మనకు చోటిచ్చే సంస్థని మనమే వెతుక్కోవాలి. పైగా అదీ మూడేళ్ల ముచ్చటే. ఆ తర్వాత మళ్లీ రోడ్డు మీదే. పర్మినెంటు కేంద్ర ఉద్యోగినికి పిల్లల కోసం 730 రోజుల సెలవు ఉంది, తిరిగొచ్చేసరికి కుర్చీ అక్కడే ఉంటుంది. ప్రాజెక్టు అమ్మాయి తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరుంటారు. ఆగిపోయిన ఏళ్లని వయసు లెక్కలోంచి తీసెయ్యాలి, ఇంటర్వ్యూలో పిల్లల ఊసు ఎత్తకూడదు, ల్యాబు ఉన్నచోటల్లా శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. ఇవేమన్నా గొంతెమ్మ కోరికలా?

పండగకి మా ఆడపడుచు వచ్చినప్పుడు థీసిస్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. మొదట పేజీలు తిప్పనే లేదు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చూస్తే, పెన్సిల్ పట్టుకుని ఒక పట్టికలో ఏదో దిద్దుకుంటోంది. "ఇక్కడ తప్పు చేశాను వదినా, అప్పుడు తెలీలేదు" అంది.

"తప్పు నేనూ చేశాను" అన్నాను. తను ఏమీ అనలేదు.

ఆ వారంలోనే, దగ్గర్లో ఉన్న ఒక పరిశోధన కేంద్రానికి తన పని వివరాలతో ఉత్తరం రాసింది. చోటిస్తే ఈసారి ప్రకటన పడగానే దరఖాస్తు పెడుతుంది. ఇంకా జవాబు రాలేదు. "ఈ వయసులో మళ్లీ చదువేమిటే" అని మా అత్తగారు గొణిగారు గానీ, "పిల్లాడికి మధ్యాహ్నం అన్నం నేను పెడతాలే" అని కూడా ఆవిడే అన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు బాబు మా ఇంట్లో. మంగళ, గురువారాలు వాళ్ల నాన్న త్వరగా వస్తానన్నారు. శనివారం ఎవరన్నది ఇంకా తేలలేదు.